మూత వేరు, మోత వేరు

సైకిల్ సంచులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత ఫ్లెక్స్ బ్యానర్లతో, తార్పాలిన్ ముక్కలతో సైకిల్‌కి సంచులు కుట్టుకోవడం గురించి పోయిన సంచికలో రాశాను. ఏ సూది వాడాలి, గుడ్డ ఎలా కత్తిరించాలి అని అడుగుతారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల: సంచి బాగానే కుదిరింది, మూతే నిలవడం లేదు. రాసినవాళ్ళలో మద్రాసు వాళ్ళే ఎక్కువ. నా కుట్టు షాపూ షావుకారుపేటలోనే. అందుకని ఈ ఊరి ఉప్పుగాలి, ఈ ఊరి వాన మనసులో పెట్టుకునే జవాబులు రాస్తున్నాను. వేరే ఊళ్ళవాళ్ళు ఉప్పు కాస్త తగ్గించి చదువుకోండి.

అక్కా, నేను రోజూ పల్లావరం నుంచి తరమణిలో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. ఫ్రేము మధ్యలో ఉండే త్రికోణానికి సరిపడా సంచి కుట్టాను. పక్కన మూత పెట్టి, అంచు పొడుగునా వెల్క్రో వేశాను. ఇంట్లో చూస్తే గట్టిగానే ఉంది. రోడ్డెక్కి నాలుగైదు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి తెరుచుకుంటోంది. పంక్చర్ కిట్టు, స్పేర్ ట్యూబు రెండూ ఎక్కడో పడిపోయాయి. ఇంకా వెడల్పు వెల్క్రో వెయ్యనా?
– ఒక పాఠకుడు, పల్లావరం

వెయ్యకు తమ్ముడూ. వెడల్పు పెంచితే ట్యూబు ఇంకో రెండు వీధులు దాటాక పడుతుంది, అంతే.

ముందు ఒక పని చెయ్యి. వెల్క్రో రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, రెండు చివర్లూ పట్టుకుని అడ్డంగా ఎదురెదురుగా లాగు. నీ బలమంతా పెట్టినా కదలదు. ఇప్పుడు ఒక మూల గోటితో ఎత్తి పైకి ఒలువు. చర్రున వచ్చేస్తుంది. అడ్డంగా లాగినప్పుడు కరుకు వైపున్న కొక్కేలన్నీ కలిసి బరువు పంచుకుంటాయి. ఒలిచినప్పుడు ఒక్క వరసే ఆపాలి. అది ఓడిపోగానే తరవాతి వరస, ఆపైన ఇంకోటి. నీ సంచిలో జరుగుతున్నది రెండోదే. కుదుపు వచ్చినప్పుడల్లా లోపలి సామాను మూతను బయటికి తోస్తుంది, కింది అంచు కొంచెం లేస్తుంది. ఒక్కో స్పీడ్ బ్రేకర్‌కీ కొన్ని వరసలు ఊడిపోతాయి.

వెల్క్రో సంగతి అసలు అంతే. 1941లో స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్ట్రాల్ కుక్కతో షికారుకి వెళ్ళొచ్చి, దాని బొచ్చుకీ తన బట్టలకీ అంటుకున్న ముళ్ళకాయల్ని భూతద్దం కింద పెట్టి చూశాడు. మన చేల గట్ల మీద ఉత్తరేణి కంకులు పంచె పట్టుకున్నట్టే. ఆ ఆలోచన పేటెంట్ దాకా వచ్చేసరికి 1955 అయింది. పట్టుకోవడం ఎంత సులువో ఒలవడం కూడా అంత సులువుగా ఉండాలన్నదే దాని గొప్ప. ఆ గొప్పే నీ కొంప ముంచుతోంది.

ఇప్పుడు రిపేరు. ఉన్న వెల్క్రో తియ్యక్కర్లేదు, మూత రెపరెపలాడకుండా అది చూసుకుంటుంది. మూత మీదుగా పైనుంచి కిందికి రెండు నవారు పట్టీలు వెయ్యి. సంచి కింది అంచున ఒక్కో పట్టీకి ఒక్కో డీ రింగు కుట్టు. పట్టీ రింగులోంచి దూరి, వెనక్కి మడిచి, తన మీద తానే అంటుకోవాలి. ఇప్పుడు లోపలినుంచి ఎంత తోసినా వెల్క్రో మీద పడేది అడ్డపు లాగుడే. పైగా రింగులో మడత పడింది కాబట్టి ఆ లాగుడు పట్టీ రెండు పాయలకీ చెరి సగం పడుతుంది, వెల్క్రో ఆపాల్సింది సుమారు సగమే. అంటుకునే చోటు కనీసం నాలుగు వేళ్ళ పొడుగు ఉంచు. రింగులు కుట్టేచోట చదరంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టు. ఒక్క గీత కుట్టు ఈ కుదుపులకి నిలవదు.

అయినా అసలు తప్పు వెల్క్రోది కాదు. మూత మీద బరువు పడేలా సంచి ఉండటమే తప్పు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకి మొదటి రోజే చెబుతాను: మూత వేరు, మోత వేరు. బరువు సంచి అడుగు మొయ్యాలి, పట్టీలు మొయ్యాలి. మూత చెయ్యాల్సింది నోరు మూసి ఉంచడమే. లోపల ఎలాస్టిక్ వేసి కిట్టుకి ఒక జేబు, ట్యూబుకి ఒక జేబు కుట్టు. కదలని సామాను మూతను తొయ్యదు. ఇంకో సంచి కుట్టే ఓపిక ఉంటే మూత పక్కన కాకుండా పై అంచున పెట్టు.

చివరగా రెండు మాటలు. కరుకు ముక్క నేలవైపు చూసేలా, మెత్తది ఆకాశంవైపు చూసేలా కుట్టు. దుమ్మూ దారప్పోగులూ పట్టేది ఎక్కువ కరుకు వైపే. నిండిపోతే పాత టూత్ బ్రష్‌తో గోకు. వెనక జిగురున్న వెల్క్రో మాత్రం కొనకు. మే నెల ఎండలో జిగురు కరిగి జారుతుంది. పోనీ కుడదామంటే సూదికి బంక పట్టి దారం తెగుతుంది. అన్నట్టు, సంచి మందం ఐదారు సెంటీమీటర్లు దాటనివ్వకు, మోకాళ్ళు రాసుకుంటాయి.

నేను వారానికి రెండు రోజులు తెల్లవారుజామున ఈసీఆర్ మీద ముట్టుకాడు దాకా తొక్కుతాను. హ్యాండిల్ సంచికి అందంగా ఉంటుందని ఇత్తడి జిప్పు వేశాను. ఏడాది తిరక్కుండానే పచ్చగా చిలుము పట్టి కదలడం మానేసింది. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు బాగుంది, తరవాత ఇంకా మొరాయిస్తోంది.
– ఒక పాఠకురాలు, బీసెంట్ నగర్

సముద్రం పక్కన ఇత్తడి జిప్పు ఎవరు వెయ్యమన్నారమ్మా! చేతిసంచికి ఎంత అందమో అది సైకిల్‌కి అంత దండగ. నూనె రాస్తే మొదట జారుతుంది, తరవాత ఇసకనీ దుమ్మునీ పిలిచి కూర్చోబెట్టుకుంటుంది. మీ జిప్పులో ఇప్పుడున్నది సాన పట్టే ముద్ద. వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్‌తో నూనెంతా వదలగొట్టి, ఆరాక కొవ్వొత్తి ముక్క పళ్ళ మీద రుద్దండి. మైనం దుమ్ముని అంతగా పట్టుకోదు. ఈసీఆర్ నుంచి వచ్చిన రోజు సైకిల్‌తో పాటు జిప్పునీ మంచినీళ్ళతో కడగండి.

మార్చేటట్టయితే నైలాన్ జిప్పు తీసుకోండి. తీగచుట్టలా ఉంటుంది కదా, అది. వంపుల్లో చక్కగా తిరుగుతుంది. ఒకటి రెండు పళ్ళు చెదిరినా రన్నర్ వెనక్కీ ముందుకీ లాగితే చాలాసార్లు సర్దుకుంటుంది. పెద్ద పెద్ద ప్లాస్టిక్ పళ్ళ జిప్పు ఇసకకి బాగా తట్టుకుంటుంది గానీ మూల తిరిగేచోట మొండికేస్తుంది. దుకాణంలో నంబరు అడగండి. 3, 5, 8, 10 అని ఉంటాయి. మూసినప్పుడు పళ్ళ వెడల్పు మిల్లీమీటర్లలో సుమారుగా అంత. 3 జాకెట్లకీ గౌన్లకీ. చిన్న సంచికి 5 చాలు. ఫ్రేము సంచికైనా పక్క సంచికైనా 8కి తగ్గకండి.

ఇంకో సంగతి, జిప్పు పాడైందని పారేసేవాళ్ళు పళ్ళను తిడతారు. నూటికి తొంభై సార్లు అరిగేది రన్నరే. దాని పెదవులు విచ్చుకుని, మూసుకుంటూ వెళ్ళిన వెనకే తెరుచుకుంటుంది. రన్నర్ వెనక భాగాన్ని రెండు పక్కలా కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా, చాలా మెల్లగా నొక్కండి. ఇంకొంతకాలం బతుకుతుంది. రన్నర్ విడిగా కూడా దొరుకుతుంది, అది మారిస్తే సరి. జిప్పు మొత్తం ఊడదీసి కొత్తది కుట్టాలని ఎవరైనా అంటే వాళ్ళకి మీ బేరం కావాలని అర్థం.

జిప్పు విడిపోవడం కొత్తదేమీ కాదు లెండి. 1893లో అమెరికాలో విట్‌కాంబ్ జడ్సన్ పేటెంట్ తీసుకున్న తొలి రకం మాటిమాటికీ విడిపోయేది. 1913లో గిడియన్ సండ్‌బ్యాక్ పళ్ళను దగ్గర దగ్గరగా పేర్చాకే అది పనికొచ్చే వస్తువైంది. పళ్ళు దగ్గరగా ఉన్నా సరే, పొట్ట పగిలేలా కుక్కిన సంచికి జిప్పు నిలవదు. మూయడానికి రెండు చేతులు కావాల్సి వచ్చిందంటే ఆ జిప్పు మోత మోస్తున్నట్టే. దానికి అడ్డంగా ఒక పట్టీ, క్లిప్పు వేసి ముందు సంచిని నొక్కి పట్టండి, తరవాత జిప్పు లాగండి.

కుదుపుకి రన్నర్ తనంతట తాను జరగడం ఇంకో తలనొప్పి. రెండు రన్నర్లుంటే మధ్యలో కలిపి వదలకండి, తెరుచుకోవడం అక్కడే మొదలవుతుంది. రెండింటినీ ఒక కొసకి తోసేయండి. ఒక్కటే ఉంటే, మూసిన కొసన చిన్న గుడ్డ జేబు కుట్టి లాగే నాలుకని అందులోకి దూర్చండి. టకటక శబ్దం కూడా పోతుంది.

అమ్మా, నాకు డెబ్బై దాటాయి. పాత హెర్క్యులస్ మీద కోయంబేడు మార్కెట్‌కి వెళ్ళి కూరగాయలు తెచ్చుకుంటాను. క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడే సంచులు కుట్టించాను. వెల్డింగ్ షాపులో ఇనప కొక్కేలు వంచి ఇచ్చాడు. గుంటలో పడితే కొక్కెం ఎగిరి సంచి కిందపడుతోంది. తాడు కడితే ముడి విప్పడానికి పావుగంట.
– ఒక పెద్దాయన, అన్నానగర్

బాబాయిగారూ, మీ హెర్క్యులస్ అంబత్తూరులో పుట్టిందే అయ్యుంటుంది. ఆ బండి చేసే టీఐ సైకిల్స్ 1949 నుంచి ఇక్కడిదే కదా. ఆ బండి క్యారియర్ ఇప్పటి గేరు సైకిళ్ళ వాటికంటే గట్టిది, మీ సంగతి తేలిగ్గా తేలుతుంది.

కొక్కెం కిందికి లాగే బరువునే ఆపుతుంది. గుంటలో చక్రం పడి లేచినప్పుడు సంచి ఒక్క క్షణం పైకి తేలుతుంది, ఆ క్షణంలో కొక్కేనికి పని లేదు. కాబట్టి సంచిని ఎప్పుడూ కిందికి లాగి పట్టేది ఇంకొకటి కావాలి. సంచి అడుగున మధ్యలో ఒక రింగు కుట్టించి, దానికి ఎలాస్టిక్ తాడు, తాడు కొసన ఎస్ ఆకారపు కొక్కెం పెట్టండి. ఆ కొక్కేన్ని వెనక చక్రం ఇరుసు దగ్గర, క్యారియర్ కాలు బిగించిన చోట తగిలించండి. పైన రెండు, కింద ఒకటి. ముందు పై రెండూ తగిలించి, ఆ తరవాత కిందిది సాగదీసి తగిలించడమే. వంగలేకపోతే తాడు కొసన వేలు పట్టేంత ఉంగరం కట్టుకోండి.

పై కొక్కేలకీ క్యారియర్ కడ్డీకీ మధ్య ఖాళీ ఉంటే అవి ఆడుతూ ఉంటాయి. పాత ట్యూబు ముక్క కోసి కడ్డీకి తొడగండి, ఖాళీ నిండుతుంది, గీతలూ పడవు. కొక్కేలు ఉత్త గుడ్డకి బిగించకుండా లోపల ఒక ప్లాస్టిక్ పలకనో పలచటి ప్లైవుడ్‌నో పెట్టి దానికి బోల్టులు వేయించండి. లేకపోతే గుడ్డ బోల్టు చుట్టూ చిరుగుతుంది.

కూరగాయల సంచి నోటికి జిప్పు అక్కర్లేదు. మునక్కాడలు ఏ జిప్పుకి లొంగుతాయి? నోటి చుట్టూ తాడు దూర్చి లాగి మూసేలా పెట్టి, పైన ఒక మడత మూత, ఒకే క్లిప్పు. ట్యూబుని అడ్డంగా కోస్తే వచ్చే రబ్బరు ఉంగరాలు కూడా మూతకి బాగా పనికొస్తాయి. ముడి లేదు, చప్పుడు లేదు, ఖర్చు లేదు. ఎండకి పగుళ్ళు కనిపించగానే కొత్తవి కోసుకోండి. ఈ విషయంలో మన పాలవాళ్ళకి తెలిసినంత ఏ కంపెనీ వాడికీ తెలియదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఏ పట్టీ కొసా, ఏ తాడు కొసా వేలాడకూడదు. చక్రం కమ్మీల్లో పడితే సంచి పోవడం కాదు, చక్రం బిగుసుకుని మీరు పడతారు. మిగిలిన కొస మడిచి రబ్బరు ఉంగరం కింద దోపండి. సంచి ముందు భాగం కింది మూల ఏటవాలుగా కోయించండి, తొక్కేటప్పుడు మడమ తగలదు.

అక్టోబరు వస్తోందంటే టెన్షన్. వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మిన జిప్పు వేసినా లోపల ల్యాప్‌టాప్ తడిసింది.
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి

ఆ జిప్పుల మీద పూత ఉంటుంది, చినుకులకి ఆగుతుంది. రన్నర్ ఆగేచోట ఉండే సందులోంచీ మీ సూది చేసిన చిల్లుల్లోంచీ నీళ్ళు వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే మన ఈశాన్య వానకి నోరు చుట్టే సంచే మేలు. జిప్పు లేదు, వెల్క్రో లేదు. నోరు కావలసినదానికంటే జానెడు పొడుగ్గా కుట్టి, రెండు అంచులూ కలిపి, గాలి తోసేసి, చాప చుట్టినట్టు కనీసం మూడు చుట్లు చుట్టాలి. రెండు చుట్లతో సరిపెట్టుకున్న రోజే కుంభవృష్టి కురుస్తుంది.

చుట్టు తిన్నగా రావాలంటే నోటి ఒక అంచులో గట్టి పట్టీ ఉండాలి. అట్టపెట్టెలకి బిగించి వచ్చే ప్లాస్టిక్ పట్టీ ఉంటుందే, అది అంచు మడతలో దూర్చి కుట్టండి. ఖర్చు సున్నా. రెండు కొసల్నీ ఒకదానికొకటి క్లిప్పు పెడితే పైన పిడిలా తయారవుతుంది, మోసుకెళ్ళడానికి బాగుంటుంది. సైకిల్ మీద మాత్రం కొసల్ని కిందికి, సంచి పక్కలకి క్లిప్పు పెట్టడమే నాకిష్టం. చుట్టు విప్పుకోకుండా లాగి పడుతుంది. పైనుంచి అడ్డంగా ఇంకో పట్టీ వేస్తే ఇక కదలదు.

ఫ్లెక్స్ బ్యానర్‌తో నోరు చెయ్యకండి. బిరుసుగా ఉండి సరిగ్గా చుట్టుకోదు, మడతలు పడిన చోట పూత పగులుతుంది. కింద ఫ్లెక్స్, పైన జానెడు మెత్తటి రెయిన్‌కోట్ గుడ్డ. అతుకు లోపలివైపు టేపు వెయ్యండి. ఇంత చేసినా ఇది వానకే. మీ వీధిలో నడుం లోతు నీళ్ళు నిలిచిన రోజు సైకిల్ ఇంట్లోనే ఉంచండి, ల్యాప్‌టాప్‌ని అటక మీద పెట్టండి.

అక్కా, అయస్కాంతం మూత వేస్తే ఎలా ఉంటుంది? ఒంటి చేత్తో తెరవచ్చు కదా.
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాటాంకొళత్తూరు

తెరవచ్చు. గుంట కూడా తెరుస్తుంది. అయస్కాంతం వెల్క్రోకి సరిగ్గా తిరగబడ్డది. ఎదురుగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది, పక్కకి జరిపితే తేలిగ్గా జారిపోతుంది. పక్కకి జరగకుండా అంచు కట్టిన అయస్కాంతం బకిల్స్ ఉన్నాయి. అవి అడ్డపు బలాన్ని ప్లాస్టిక్ గాడితో ఆపుతాయి, అయస్కాంతం వాటిని దారిలో పెట్టడానికే. ఖరీదెక్కువ. ఉత్త నియోడిమియం బిళ్ళలు కుట్టేటట్టయితే వాటి పూత ఎక్కడ చెక్కుకున్నా ఈ ఊరి గాలికి తుప్పు పట్టి పొడవుతాయని గుర్తుంచుకో. నల్ల గీత ఉండే కార్డులు ఆ జేబులో పెట్టకు. తినుబండారాల జేబుకైతే వేసుకో. ఫోను జేబుకి వద్దు.

దొంగలు తియ్యకుండా ఎలాంటి మూత వెయ్యాలి?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూరు

అలాంటి మూత గుడ్డకి లేదండీ. రెండు రన్నర్లకి బుల్లి తాళం వేసేవాళ్ళున్నారు. జిప్పు మధ్యలో బాల్‌పెన్ను గుచ్చితే పళ్ళు విడిపోతాయి, బ్లేడు ఉంటే అదీ అక్కర్లేదు. సంచి మొత్తం రెండు క్షణాల్లో ఊడి మీ భుజానికి వచ్చేలా పట్టీలు పెట్టుకోండి. సీటు కింద సంచికి మాత్రం ఊడదీయడం కష్టంగా ఉండేలా చెయ్యండి: సీటు కింది కమ్మీలకి రెండు పట్టీలు, సీటు గొట్టానికి ఒకటి, క్లిప్పు బదులు దారంతో కుట్టేయడమే. అందులో ఎటూ పంక్చర్ సామానే కదా ఉండేది.

ఈ నవారు, క్లిప్పులు ఎక్కడ కొనాలి? మంచివో కావో ఎలా తెలుస్తుంది?
– చాలామంది

మద్రాసు పారీస్ కార్నర్ చుట్టుపక్కలే. బ్రాడ్‌వే, అదే మన ప్రకాశం పంతులుగారి పేరున్న ప్రకాశం సాలై, దానికి ఆనుకుని ఉన్న సందుల్లో సంచుల సామాను అమ్మే దుకాణాలు ఉన్నాయి. గుడ్డకైతే గోడౌన్ స్ట్రీట్. నవారు ఏ రకమో అమ్మేవాడిని అడిగితే అన్నీ నైలానే అంటాడు. చిన్న ముక్క కోయించుకుని నీళ్ళలో ముంచి, బుడగలు పోయేలా పిసికి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్, మునిగితే నైలానో పాలియెస్టరో. తేలేది చవక, నీళ్ళు పీల్చదు, కానీ ఎండకి త్వరగా పెళుసవుతుంది. నైలాన్ బలమైనది, తడిస్తే కాస్త సాగుతుంది కాబట్టి వానలో క్లిప్పు ఇంకోసారి బిగించాలి. నేను సైకిల్ సంచులకి పాలియెస్టర్ నవారు, పాలియెస్టర్ దారమే వాడతాను. కోసిన కొసని కొవ్వొత్తి మంటకి చూపించి కరిగించండి, రెండు మడతలు వేసి కుట్టండి. ఆ లావు కొస బకిల్‌లోంచి జారిపోదు.

క్లిప్పుల్లో 25 మిల్లీమీటర్లది చాలా పనులకి సరిపోతుంది. దాని రెండు కాళ్ళనీ వేళ్ళతో దగ్గరికి నొక్కి మొదలు దగ్గర చూడండి. తెల్లగా గీత పడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. మీ నవారు ముక్క వెంట తీసుకెళ్ళి అందులో దూర్చి, బిగించి, అటూ ఇటూ ఊపి చూడండి. 25 అని రాసి ఉన్నవన్నీ 25 కావు, సన్న నవారు వెడల్పు క్లిప్పులో నిలవదు. అన్నీ ఒకే దుకాణంలో, ఒకే రకం కొనుక్కుంటే ఒకటి విరిగినప్పుడు ఇంకోదాని సగం అతుకుతుంది. ఆదివారం వెళ్ళకండి, ఆ వీధుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి.